ఎంగిలిపడకుండా వెళ్ళినవాళ్ళు

ఆసుపత్రి నుంచి సొంత ఇంటికి తిరిగొచ్చే మనిషికి సంతోషంగా ఉండాలి. గున్వోర్‌కూ ఉంది. పడవ దిగి పొరుగింటి పేదర్ కారెక్కినప్పుడు ఉంది. మలుపు తిరిగి తన ఇంటి ఎర్ర గోడలు కనబడ్డప్పుడు రెట్టింపయింది. వాకిట్లో కొయ్యకు ఎవరో జెండా కూడా ఎగరేశారు. ఇంతలో పేదర్ నోరు విప్పాడు. అంతే, సంతోషం కాస్తా నీరుగారిపోయింది.

ముందు జరిగింది చెప్పుకోవాలి. మార్చి నెల మంచు ఉత్తరాది చలి సముద్రంలోని తెర్నోయ్ దీవిలో ఏటా ఎవరినో ఒకరిని పడేస్తుంది. ఈసారి వంతు గున్వోర్‌ది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, తన గుమ్మం ముందు రాతిమెట్ల మీదే జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనూ, ఆ తర్వాత నడక నేర్పడమూ అన్నీ సముద్రానికి అవతలి ఒడ్డున జరిగాయి. ఆ మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ లేదు, స్నానాలగదికి అంతెత్తు గడప, ఆ ఇంటికి ఒంటరిగా ఎలా పంపేది అని దీవి నర్సు తోరున్ తల పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే కాలేజీ పిల్లలు నలుగురు దీవి ఆరోగ్యకేంద్రంలో దిగారు. ఇద్దరు నర్సు చదువు, ఇద్దరు ఫిజియోథెరపీ. ఇల్లిల్లూ తిరిగి ముసలీ ముతకా బాగోగులు చూడటం, ఊరికి చేతనైన సేవ చేయడం వాళ్ళ చదువులో భాగం. తోరున్ బాధ విన్నారు. పేదర్ దగ్గర డ్రిల్లు మిషనూ, ఇంటి తాళం చెవీ అడిగి తీసుకున్నారు. సెలవు రోజులు రెండూ ఖర్చుపెట్టి గున్వోర్ ఇంటిని చక్కబెట్టేశారు. మెట్లకు రెండు పక్కలా కమ్మీలు, స్నానాలగదిలో ఇంకో రెండు, గడప కోసేశారు, మంచం ఎత్తు పెంచారు. ముందే చెప్పేస్తే మజా ఏముంది అని ముసలామెకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

కారు ఆగేసరికి నలుగురూ వాకిట్లో వరసగా నిలబడి ఉన్నారు, విడిదింటి ముందు పెళ్ళివారి కోసం కాచుకున్నట్టు. మెట్లకు కమ్మీలు తామే బిగించామని చెయ్యి చాపి చూపించారు. గున్వోర్ వాటి వంక చూసింది. ఎండకు మెరుస్తున్నాయి. తనెవరో, తన మొహం ఎలా ఉంటుందో కూడా తెలియని పిల్లలు తన కోసం ఇంత చేశారా అనుకుంది.

"చూడవే గున్వోర్, ఏం పిల్లలనుకున్నావు!" అన్నాడు పేదర్. "రెండ్రోజులు గొడ్డుచాకిరీ చేశారు. మంచినీళ్ళైనా అడిగితే ఒట్టు! ఎవరి రొట్టెల పొట్లం వాళ్ళు కట్టుకొచ్చుకుని, ఇదిగో, ఈ మెట్ల మీదే కూర్చుని తిన్నారు. రాలిన ముక్కలు కూడా ఏరి కాగితంలో చుట్టుకుపోయారనుకో. నీ కాఫీపొడి డబ్బా మూత కూడా తియ్యలేదు!"

పొగుడుతున్నాననే అనుకున్నాడు పాపం.

"పొట్లాలా?" అంది గున్వోర్.

"పొట్లాలే."

"నా మెట్ల మీద కూర్చునా?"

"నీ మెట్ల మీదే."

గున్వోర్ మొహం మాడిపోయింది. కారు దిగింది. రెండు చేతికర్రలూ ఊనుకుంటూ మెట్ల దాకా వెళ్ళింది. కొత్త కమ్మీలు అటొకటి ఇటొకటి చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. వాటిని వేలితో కూడా తాకకుండా, కర్రల మీదే ఊగిసలాడుతూ, ఒక్కో మెట్టే ఎక్కింది. ఫిజియోథెరపీ చదివే ఎస్కిల్ అనే కుర్రాడు ఊపిరి బిగబట్టి వెనకే చేతులు చాపుకుని నడిచాడు. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"అలసిపోయింది," అన్నాడు పేదర్.

అలసట కాదు. ఆ దీవిలో ఎవరి కప్పు కారినా, ఎవరి పడవ ఒడ్డుకు లాగాలన్నా ఊరంతా వచ్చి తలో చెయ్యీ వేస్తుంది. దుగ్నాద్ అంటారు దాన్ని. పిలుపు అందాక రాకపోవడం ఎంత తప్పో, వచ్చినవాళ్ళ కోసం పొయ్యి వెలిగించకపోవడం అంతకు పదిరెట్లు తప్పు. కూలి ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. ఇంటివాళ్ళు వండి పెడతారు, వచ్చినవాళ్ళు తిని, చెయ్యి కలిపి, "భోజనానికి థాంక్స్" అని చెప్పి పోతారు. అక్కడితో చెల్లుకు చెల్లు.

గున్వోర్ అయితే పెళ్ళయి ఈ ఇంట కాలు పెట్టినప్పటి నుంచీ ఊరి దుగ్నాద్‌లన్నిటికీ తనే వంటమనిషి. చర్చి కప్పు మార్చినప్పుడూ, తుపానుకు రేవు కొట్టుకుపోయినప్పుడూ ఆమె మీగడ జావ కాయకుండా పని సాగలేదు. పుల్లమీగడ మరగబెట్టి, పిండి చల్లుతూ వెన్న పైకి తేలేదాకా కలిపి, ఆ వెన్న తీసి పక్కన పెట్టి, పాలు పోసి మళ్ళీ కలిపి చేసే చిక్కటి జావ అది. దాని మీద చక్కెరా, దాల్చినచెక్క పొడీ, తీసిపెట్టిన వెన్నా. పని మాట ఎలా ఉన్నా జావ వేళకు ఠంచనుగా వచ్చే బద్ధకస్తులు కూడా ఊళ్ళో ఉన్నారు, వాళ్ళకూ పెట్టేది. అలాంటి మనిషి వాకిట్లో నలుగురు పిల్లలు రెండు రోజులు చెమటోడ్చి, ఎంగిలిపడకుండా వెళ్ళిపోయారు! ఎంగిలిచేత్తో కాకిని తోలని పిసినారికి కూడా ఆ దీవిలో ఇంత అవమానం జరిగి ఉండదు.

అలాగని ఆమెకు విశ్వాసం లేదనుకుంటే పొరపాటు. నిండా ఉంది, చిక్కంతా అదే. ఆ రాత్రి ఎత్తు పెంచిన మంచం మీద నుంచి నొప్పి లేకుండా కాళ్ళు కిందికి దించినప్పుడు ఆ పిల్లల్ని తలుచుకుని కళ్ళు చెమర్చాయి. కానీ కృతజ్ఞత కూడా కడుపుబ్బరం లాంటిదే, బయటికి దారి దొరక్కపోతే లోపల నొప్పి పెడుతుంది. గున్వోర్‌కు తెలిసిన దారి గరిటె ఒక్కటే. ఆ దారి మూసి, నీకేం పెట్టే అవసరం లేదులే అని చెప్పి పోయారు వాళ్ళు. ఊరికే పడేసిన సాయం పుచ్చుకోవడానికి తనేం బిచ్చగత్తెనా?

మర్నాడు తోరున్ వచ్చి ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది. తోరున్ ఈ దీవి పిల్లే. చిన్నప్పుడు గున్వోర్ వంటింట్లో గిన్నెలు నాకిన మనిషే. అయినా ఉద్యోగం ఉద్యోగమే.

"శుక్రవారం వస్తాను మామ్మా. మీరు కమ్మీ పట్టుకుని మెట్లు దిగి ఎక్కాలి, నేను చూడాలి. జంకు లేకుండా చేస్తే ఇక్కడే ఉంటారు. లేకపోతే అవతలి ఒడ్డున వృద్ధాశ్రమంలో మీ కోసం గది ఇంకా ఖాళీగానే ఉంచారు."

ఆ గది గున్వోర్‌కు తెలుసు. మంచి గదే. వెచ్చగా ఉంటుంది, పెట్టే తిండికి వంక పెట్టలేం. కిటికీలోంచి చూస్తే బస్టాండు కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళిన దీవివాళ్ళెవరూ మళ్ళీ పడవెక్కి వెనక్కి రాలేదు.

"కమ్మీ అవసరం లేదు. నాకు కర్రలున్నాయి," అంది గున్వోర్.

"కర్రల మీద పడితే ఈసారి రెండో తుంటి," అంది తోరున్, కోటు గుండీలు పెట్టుకుంటూ.

రోజూ ఆమెతో నడక చేయించే పని సున్నివాకు అప్పగించారు. నర్సు చదువు రెండో ఏడు. పొడుగ్గా, మొహం నిండా గోధుమరంగు మచ్చలతో, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే పట్నం పిల్ల. పట్టిన పని వదిలే రకం కాదు. గున్వోర్ కూడా కాదు. ఇద్దరూ బాగానే కలిశారు.

మొదటిరోజు ఆ పిల్ల గుమ్మంలో అడుగు పెట్టేసరికే బల్ల మీద కాఫీ, గళ్ళ పెనంలో కాల్చిన వేడి వాఫిళ్ళు, మురబ్బా సిద్ధంగా ఉన్నాయి. ఒంటికాలి మీద నిలబడి చేసిన వాఫిళ్ళు అవి.

"కూర్చో, తిను."

సున్నివా మొహం ఎర్రబడింది. "బాగా వాసనొస్తున్నాయి మామ్మా, కానీ… మేం తినకూడదు. పేషెంట్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదని కాలేజీలో మరీ మరీ చెప్పి పంపించారు."

"ఎవరే పేషెంటు? నేనీ ఇంటిదాన్ని."

"నిజమే. అయినా రూలు రూలే కదా. నాకు ఫ్లాస్కులో కాఫీ ఉంది."

"ఉంటుంది మరి. పొట్లం కూడా ఉందా?"

"ఉంది," అంది ఆ అమాయకురాలు, సంచీ తట్టి చూపిస్తూ.

గున్వోర్ వాఫిళ్ళు తీసుకెళ్ళి కిటికీలోంచి సముద్రపు కాకులకు విసిరేసింది. ఒక్కొక్కటే విసిరింది, సున్నివాకు బాగా కనబడేలాగ.

ఆ తర్వాత నడక సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో నడవమంటే నడిచింది. కాలు ఎత్తమంటే ఎత్తింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు చేతులూ కర్రలకు అతుక్కుపోయేవి. బతిమాలినా, భయపెట్టినా, నవ్వించినా కమ్మీ ముట్టుకునేది కాదు. "చల్లగా ఉంది" అనేది. "ఎత్తుగా ఉంది" అనేది. "జిగటగా ఉంది" అని కూడా అంది ఒకసారి. సున్నివా జేబురుమాలు తీసి కమ్మీ పొడుగునా తుడిచింది. అయినా లాభం లేకపోయింది.

"అసలు మీకు ఇక్కడ ఉండాలని ఉందా లేదా మామ్మా?" అని అడిగింది చివరికి.

"నా ఇంట్లో నేను ఉండటానికి నీకు జవాబు చెప్పుకోవాలా?"

బుధవారం చిన్న జల్లు పడింది. రాతిమెట్లు తడిశాయి. వద్దంటున్నా వినకుండా గున్వోర్ కిందికి దిగబోయింది. కర్ర చివర జారింది. మనిషి ముందుకు తూలింది. సున్నివా రెండు చేతులతో నడుం చుట్టూ పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ తలుపుకు చేరగిలబడి కూలబడ్డారు. గున్వోర్ గుండె దడదడలాడుతోంది. ఆ పిల్ల గుండె అంతకంటే గట్టిగా కొట్టుకుంటోంది.

"పట్టుకుంటే ఏం పోయింది మీ సొమ్ము?" అని అరిచింది సున్నివా. కళ్ళనిండా నీళ్ళు. "మీ కోసమే కదా పెట్టాం! మీరు పడిపోతే, మిమ్మల్ని ఆ గదికి పంపేస్తే మాకేం సంతోషమా?"

"ఎవరు పెట్టమన్నారు?" అని గున్వోరూ అరిచింది. అన్ని రోజులుగా దాచుకున్నది ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "నేను పిలిచానా? నేను లేని ఇంట్లో దూరి, నా పని చేసి, నా మెట్ల మీద కూర్చుని మీ రొట్టెలు మీరు తిని పోయారు! ఈ వాకిట్లో పని చేసి పస్తు పోయినవాళ్ళు లేరే ఇంతవరకూ! మా అత్తగారు క్షయతో మంచం పట్టి కూడా జావ కాయించి పెట్టింది. నేను ఏ మొహం పెట్టుకుని ఆ ఇనుప ముక్క పట్టుకోను? పట్టుకున్నప్పుడల్లా మీ పొట్లాలు గుర్తొస్తాయి నాకు!"

సున్నివా లేచింది. ఆమెను లేపి, లోపల కుర్చీలో కూర్చోబెట్టి, కర్రలు చేతికి అందేలా పెట్టి, తన సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఎప్పుడూ వాగుతూ ఉండే పిల్ల వెళ్ళొస్తానని కూడా అనలేదు.

వెళ్ళాక గున్వోర్‌కు తల కొట్టేసినట్టయింది. పడకుండా పట్టుకున్న పిల్లను పట్టుకుని తిట్టింది. ఇక రాదు. ఎందుకొస్తుంది? రేపటికి తోరున్ చెవిన పడుతుంది, శుక్రవారం మెట్ల దాకా కూడా రానక్కర్లేదు, పెట్టె సర్దుకోమంటారు. తన మొండితనంతో తన ఇంటికి తనే నిప్పు పెట్టుకున్నట్టయింది. అయినా అన్నదాంట్లో తప్పేముంది అని కూడా అనిపించింది. రెండు ఆలోచనలూ పొద్దుపోయేదాకా ఒకదాన్నొకటి పీక్కు తిన్నాయి.

గురువారం పొద్దున్నే డ్రిల్లు మిషను చప్పుడు వినిపించింది.

గున్వోర్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. వాకిట్లో నలుగురు పిల్లలూ ఉన్నారు, పేదర్ కూడా ఉన్నాడు. ఎస్కిల్ మోకాళ్ళ మీద కూర్చుని కమ్మీ మరలు ఊడదీస్తున్నాడు. ఒకటి అప్పుడే ఊడి గడ్డి మీద పడి ఉంది. సున్నివా రెండోదాన్ని పట్టుకుని నిలబడింది.

అయిపోయింది, అనుకుంది గున్వోర్. ఇక ఈ ఇంట్లో ఎవరూ ఉండరు గనక ఊడదీస్తున్నారు. వస్తువులు ఇంకెవరికైనా పనికొస్తాయి, మంచిదే. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. తలుపు తీసి గుమ్మంలో నిలబడింది.

"తీసుకుపోతున్నారా?" అంది.

సున్నివా తలెత్తింది. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"తప్పు చేశాం మామ్మా," అంది. "నిన్న ఇక్కణ్ణుంచి పేదర్ తాత వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ నన్ను చెడామడా తిట్టింది. ఆయన్నయితే ఇంకా ఎక్కువ తిట్టింది."

"నన్ను తిట్టడం కొత్తేం కాదులే," అన్నాడు పేదర్ నేల చూపులు చూస్తూ.

"పిలుపు లేకుండా చేసింది దుగ్నాద్ కాదట. ఇంటావిడ లేకుండా చేసింది అసలే కాదట. అందుకని ఊడదీస్తున్నాం. అన్నీ. స్నానాలగదిలోవి కూడా. రేపు పొద్దున మళ్ళీ మొదట్నుంచి బిగిస్తాం. కానీ మీరు పిలవాలి."

గున్వోర్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మకం కలగలేదు.

"బిగించినవి ఊడదీసి, ఊడదీసినవి మళ్ళీ బిగిస్తారా? పిచ్చా మీకు?"

"పిచ్చే. వంటెవరిది?" అంది సున్నివా.

"మరి మీ రూలో?"

"తోరున్ అక్కను అడిగాను. పేషెంటింట్లో తినకూడదన్న మాట నిజమే గానీ, దుగ్నాద్ ఇంట్లో తినకుండా లేచి వెళ్తే ఈ దీవి నుంచి తనే మమ్మల్ని పడవెక్కిస్తానంది. తనకూ ఒక గిన్నె పక్కన పెట్టమంది."

పేదర్ దగ్గాడు. ఎస్కిల్ చేతిలో మర అలాగే పట్టుకుని చూస్తున్నాడు. గున్వోర్ మెడ నిటారుగా చేసుకుంది, రేవు కట్టిన రోజుల్లో వంటింటి గుమ్మంలో నిలబడినట్టు.

"రేపు పొద్దున మా ఇంట్లో పనుంది," అంది గట్టిగా. "చెయ్యి ఖాళీగా ఉన్నవాళ్ళు రండి. పేదర్, నీ పెళ్ళానికి కూడా చెప్పు. ఎత్తుకొచ్చుకునే పొట్లాలేమైనా ఉంటే అవి ఇంటి దగ్గరే వదిలి రండి. సున్నివా, నువ్వు లోపలికి రావే, మీగడ తేవాలి. దుకాణంలో పల్చటిది అంటగడతాడు, అది వెన్న వదలదు. చిక్కటిది ఇవ్వమని నా పేరు చెప్పు. నా పేరు చెప్తే ఇస్తాడు."

శుక్రవారం పొద్దున్నే గున్వోర్ పొయ్యి ముందు నిలబడింది. చేతికర్రలు కుర్చీకి ఆనించి, ఎడమచెయ్యి గట్టు మీద ఆనుకుని, కుడిచేత్తో గరిటె పట్టింది. ఫిజియోథెరపీవాళ్ళు నిలబడమంటే కాసేపటికే నొప్పి అని కూర్చునే మనిషి, మీగడ మరిగి, పిండి కలిసి, బంగారు రంగు వెన్న అంచుల వెంబడి ఊరేదాకా కదల్లేదు. ఆపితే అడుగంటుతుంది మరి. ఎస్కిల్ ఒకసారి లోపలికి తొంగిచూసి, "మామ్మా, కాసేపు కూర్చోండి" అనబోయి, సున్నివా కళ్ళెర్రజేస్తే వెనక్కి తగ్గాడు.

బయట డ్రిల్లు మోగుతోంది. మధ్యలో ఒకసారి గున్వోర్‌ను గుమ్మం దగ్గరికి పిలిచారు.

"ఎత్తు ఎంత పెట్టమంటారు?" అన్నాడు ఎస్కిల్. "పోయినసారి పుస్తకంలో ఉన్నంత పెట్టాం."

"నేను పుస్తకంలో ఉన్నంత లేనుగా," అంది గున్వోర్. చెయ్యి చాపి నిలబడింది. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిలుతో గీత గీశారు. పోయినసారి కంటే బాగా కిందికి వచ్చింది. ఎత్తుగా ఉందని ఆమె అన్నమాట సాకు కాదని అప్పుడు తెలిసింది వాళ్ళకు.

జావ దించేసరికి తోరున్ వచ్చి వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. బల్ల మీద ఎండబెట్టిన గొర్రెమాంసం, పల్చటి కరకరలాడే రొట్టె, ఎర్రపళ్ళ రసం సర్ది ఉన్నాయి.

"మెట్ల సంగతి ఎప్పుడు చూద్దాం మామ్మా?" అంది.

"నీకు ప్రతిదానికీ తొందరే. ముందు పనివాళ్ళు తినాలి. జావ చల్లారితే వెన్న గడ్డకడుతుంది," అంది గున్వోర్. తువ్వాలుకు చేతులు తుడుచుకుని బయటికి నడిచింది.

ఇంటి వెనక, గడప తీసేసినచోట పరచడానికి చెక్క కోస్తున్నవాళ్ళకు రంపం మోతలో కేక వినిపించదు. గున్వోర్ గుమ్మంలోంచి పిలిచింది, ఎవరూ పలకలేదు. విసుక్కుంది. కమ్మీ పట్టుకుంది. మెట్లు దిగింది. ఇంటి మూల దాకా నడిచి, "ఒరేయ్, చెవుల్లో చెక్కపొట్టు పోసుకున్నారా? వడ్డించేశాను, రండి!" అని కేకేసింది. మళ్ళీ వచ్చి, కమ్మీ పట్టుకుని, మెట్లన్నీ ఎక్కి లోపలికి వచ్చింది. చేతికర్రలు పొయ్యి పక్కన కుర్చీకి ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి.

తోరున్ కిటికీ దగ్గర నుంచి లేచింది.

"నేను చూడాల్సింది చూశాను," అంది.

"ఏం చూశావు?"

"మీరు ఇక్కడే ఉంటున్నారు మామ్మా. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్తాను. నా గిన్నె ఏది?"

గున్వోర్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తను ఏం చేసిందో అప్పుడు తట్టింది ఆమెకు. కుడి అరచెయ్యి తెరిచి చూసుకుంది. ఇనుము చల్లదనం ఇంకా ఉంది.

పిల్లలు తిన్న తీరు చూడాలి! ఎస్కిల్ మూడోసారి గిన్నె చాపాడు. సున్నివా వెన్న మడుగు చుట్టూ చక్కెర చల్లుకుంటూ, నాలుక కాల్చుకుంటూ, మాట్లాడుతూనే తింది. "ఇది కాలేజీలో నేర్పితే ఇంకో నాలుగేళ్ళు చదువుతాను" అంది. పేదర్ భార్య మొగుడి గిన్నెలోంచి మాంసం ముక్క తీసి తన గిన్నెలో వేసుకుంది, శిక్ష అంది. గున్వోర్ అందరికీ వడ్డిస్తూ, వద్దన్నవాళ్ళను తిడుతూ తిరిగింది. గిన్నె అడుగు గరిటెకు తగిలింది. ఆ చప్పుడంటే ఆమెకు ఎంతిష్టమో.

తినడం అయ్యాక ఒక్కొక్కరే లేచి చెయ్యి కలిపారు.

"భోజనానికి థాంక్స్."

"ఒంటికి పట్టాలి," అంది గున్వోర్ ప్రతి ఒక్కరితో, ఆ దీవిలో ఇంటావిడ అనాల్సిన మాట. అన్న ప్రతిసారీ గుండె మీద బరువు కొంచెం కొంచెం దిగింది. వాళ్ళు చేశారు, తను పెట్టింది. చెల్లుకు చెల్లు. ఇక ఆ కమ్మీలు తనవి.

పేదరూ, వాళ్ళావిడా, తోరునూ వెళ్ళిపోయారు. రేపటి పడవకు పిల్లలు కూడా వెళ్ళిపోవాలి, చదువు ఇంకో ఊళ్ళో ఉంది. వాళ్ళూ చెప్పులు వేసుకుంటారనుకుంది గున్వోర్. వేసుకోలేదు. సున్నివా చొక్కా చేతులు పైకి మడిచి బల్ల మీద గిన్నెలు ఏరసాగింది. ఎస్కిల్ వేడినీళ్ళు పట్టాడు. మిగతా ఇద్దరూ తువ్వాళ్ళు అందుకున్నారు.

"ఏయ్, వాటి జోలికి పోకండి!" అంటూ గున్వోర్ లేవబోయింది.

"కూర్చోండి మామ్మా," అంది సున్నివా వెనక్కి తిరక్కుండానే. "పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు."

గున్వోర్ బల్లను పట్టుకుని ఆగింది. పనికి జావ పెట్టింది, సరే. మరి దీనికేం పెట్టాలి? జావ గిన్నె అడుగంటా ఖాళీ. మాంసం అయిపోయింది. వాఫిళ్ళకు పిండి కూడా కలిపి లేదు. రేపు ఈ పిల్లలు ఉండరు, మళ్ళీ పిలిచి పెట్టడానికి. తొట్టి దగ్గర నలుగురూ ఒకరినొకరు భుజాలతో తోసుకుంటున్నారు. ఎస్కిల్ సున్నివా మీద నీళ్ళు చల్లాడు, ఆ పిల్ల గరిటె ఎత్తింది. ఇవ్వకుండా పుచ్చుకోవడం ఎలాగో గున్వోర్‌కు ఎవరూ నేర్పలేదు. తుంటి సలుపుతోంది.

మెల్లగా మళ్ళీ కూర్చుంది.

"థాంక్స్ రా పిల్లలూ," అంది. బదులు ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. లేకపోయినా అంది. అని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళు గిన్నెలన్నీ తోమి బోర్లించేదాకా కుర్చీలోంచి లేవలేదు.